పరదా ఇవతలికి వచ్చిన పాట

మొన్న ఆదివారం తెల్లాపూర్‌లో మా తమ్ముడి బిడ్డ ఇంటికి పోయాను. మబ్బులకు దగ్గరగా ఉంటుంది వాళ్ల ఇల్లు. బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. లోపల ఆ పిల్లా, దాని దోస్తులూ గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. ఏం కొంప మునిగిందో అని చెవి పెట్టి విన్నాను. ఇప్పటి పాటలు ఇట్లా తయారు కావడానికి ఏ ఆడ పాటగత్తె ఎక్కువ కారణం అన్నది వాళ్ల పంచాయితీ. ఒకతె అమెరికా ఆమె పేరు చెబుతుంది. ఇంకొకతె, అవన్నీ ఆమెకంటే ముందే వేరే ఆమె చేసింది పొమ్మంటుంది. మూడో పిల్ల ఆ ఇద్దరినీ కొట్టిపారేసి, ఈ మధ్య వచ్చిన ఎవరో కొత్తామెను నెత్తిన పెట్టుకుంది. ఫోన్లలో పాటలు పెట్టి ఒకరికొకరు సాక్ష్యాలు చూపించుకుంటున్నారు.

"అత్తమ్మా, నువ్వు జెప్పు. నీ ఓటు ఎవలికి?" అని మా పిల్ల నన్ను లోపలికి లాగింది. పాత సినిమా పాటల ఆమె పేరేదో చెబుతాను, నవ్వుకోవచ్చని వాళ్ల ఆశ.

"పేరు తెల్వదు బిడ్డా. మేము పెద్దపండ్లామె అంటుంటిమి," అన్నాను.

వాళ్లు నవ్వారు. ఎవరా పెద్దపండ్లామె అని ఫోన్లలో వెతకబోయారు. ఆమె దొరకలేదు కానీ నాకు మాత్రం మా చిన్నత్త దొరికింది. చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టుకునే ఆ పిల్లలకు సగం చెప్పాను. మిగతా సగం ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, రాత కుదురుగా రాదు. కానీ కళ్లతో చూసింది ఒక్కటీ పోలేదు.

మా ఊరు బొల్లారం కంపెనీలకు దగ్గర. మా నాన్నకు కొంచెం పొలం ఉండేది, అందులో జొన్న వేసేవాడు. పొలం పని లేనప్పుడు కంపెనీలో షిఫ్టు చేసేవాడు. సాయంత్రం గాలి తిరిగితే ఊరంతా మందుల వాసన కమ్ముకునేది. మా అమ్మ అప్పుడే పొయ్యి మీద జొన్నరొట్టె వేసేది. మందుల వాసనా, కాలుతున్న రొట్టె వాసనా కలిసి ఒక మూడో వాసన పుట్టేది. దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. ఎక్కడన్నా ఆ వాసన తగిలితే నాకు ఆకలవుతుంది. మా తమ్ముడికైతే కడుపులో తిప్పుతుందట. ఒకే ఇంట్లో పెరిగాం మరి.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. మందు గోళీల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి పోయేది. నెత్తికి తెల్ల టోపీ, ముక్కూ మూతీ కప్పేసే గుడ్డ కట్టుకుని, గోళీల పట్టీలు డబ్బాల్లోకి ఎక్కించే పని. మిగతా ఆడవాళ్లు ఆ మూతిగుడ్డను తిట్టుకునేవారు. ఉక్కపోస్తుంది, చెమట దిగుతుంది, దురద పుడుతుంది అని. చిన్నత్త మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక కూడా తీసి దండెం మీద వేయడానికి మనసు రానట్టు చేసేది.

ఎందుకంటే ఆమె పళ్లు ఎత్తుగా ఉండేవి. పై వరస ముందుకు తోసుకుని వచ్చి, పెదవులు మూసినా మూతపడేవి కావు. మాకు అది అలవాటైన మొహం, అందులో వింతేమీ కనిపించేది కాదు. ఆమెకు మాత్రం ఎప్పుడూ అదే ధ్యాస. నవ్వు వస్తే కొంగు, మాట్లాడాలంటే కొంగు, అన్నం తినాలన్నా గోడ వైపు తిరిగి కూర్చునేది. చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాట పాడేదట. ఒకరోజు ఎవరో పెద్దమనుషులు బడి చూడటానికి వస్తే, చిన్నత్తను ముందు నిలబెట్టి పాడించారు. వచ్చినవాళ్లలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. పిల్లలు అది పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆమె పది మంది ముందు నోరు తెరిచి పాడలేదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. మా నాయనమ్మ చెప్పింది, అది కూడా చిన్నత్త ఇంట్లో లేనప్పుడు.

అట్లని పాడటం మానలేదు. వంటింట్లో, బాయి కాడ, నాకు జడ వేస్తూ నా వెనక కూర్చున్నప్పుడు పాడేది. ఆమె పాట నాకు ఎప్పుడూ వెనుక నుంచే వినపడేది. ప్యాకింగ్ హాల్లో కూడా పాడేదట. సూపర్‌వైజరు అటు తిరగగానే పాట మొదలు, ఇటు తిరగగానే బంద్. అందరి మూతులకూ గుడ్డలే అయితే పాడేది ఎవరని పట్టుకుంటాడు? ఒకసారి ఆయన వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి గొంతు దగ్గర చూపు పెట్టాడట, గొంతు కదులుతుందేమోనని. ఆడవాళ్లందరూ కావాలని గుటకలు మింగుతూ కూర్చున్నారట. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పించుకున్నామో.

మా ముందరి అర్రలో కిరాయికి ఒక మొగుడూ పెళ్లాం ఉండేవారు. పూణె దిక్కు నుంచి వచ్చారు. ఆయన ఫిట్టరు. ఆమెను మేమంతా భాభీ అనేవాళ్లం. పొద్దున్నే అటుకులు తడిపి పల్లీలు వేసి తాలింపు పెట్టేది. ఆ వాసనకు నేను పళ్లు తోమకుండానే ఆమె గుమ్మంలో తేలేదాన్ని. భాభీ దగ్గర రెండు వింతలు ఉండేవి. ఒకటి టేప్‌రికార్డర్, రెండోది చిన్న టీవీ. క్యాసెట్లు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉండేవి. వాటి మీద బొమ్మలు చూసి పాడేవాళ్లకు మేమే పేర్లు పెట్టుకున్నాం. కత్తిరించిన జుట్టు ఉన్నామె కురచజుట్టామె. నల్లకోటు వేసుకున్నామె పోలీసామె. హిందీలో పాడే బక్కపిల్ల బొంబాయి పిల్ల. ఇంకొకామె ఉంది, అట్ట మీద నోరంతా తెరిచి నవ్వుతుంటుంది. పై పళ్లు పెద్దవి, అన్నీ కనిపిస్తాయి. ఆమె పెద్దపండ్లామె. ఆ క్యాసెట్ అట్టను చిన్నత్త ఊరికే చేతిలో తిప్పుతూ కూర్చునేది.

భాభీ కూరగాయలకు పోతూ తాళం మాకిచ్చి పోయేది. ఆమె వీధి మలుపు తిరగగానే నేనూ చిన్నత్తా లోపలికి. ఒకనాడు ఆత్రంగా మీట నొక్కితే టేపు పోలీసామె పాటను మింగేసింది. బయటికి లాగితే నల్లని సేమ్యాల మాదిరి చేతినిండా వచ్చింది. పెన్సిలు పెట్టి తిప్పాం, ముడులు పడ్డాయి. భాభీ వచ్చి చూసి తిట్టలేదు. తలకాయ పట్టుకుని కూర్చుంది, తరువాత నవ్వింది. ఆ చెడిన టేపును మా నాన్న తీసుకుపోయి జొన్నచేనులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టాడు. గాలికి అది గుంయ్యిమని మోగుతుంటే పిట్టలు దగ్గరికి రాలేదు. ఆ ఏడు జొన్న కాపలా కాసింది ఎక్కడో సముద్రాల అవతలి ఆమె అని నాయనమ్మ ఊరందరికీ చెప్పింది.

ఒక ఆదివారం భాభీ టీవీలో పెద్దపండ్లామె వచ్చింది. ఇంటిల్లిపాదీ పోయి కూర్చున్నాం. ఆమె ఎగురుతుంది, దూకుతుంది, మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది. అంతసేపూ పాట ఆగదు. మా నాయనమ్మ కాసేపు చూసి తీర్పు చెప్పేసింది.

"గంత ఎగిరేటామెకు పాడనీకి ఊపిరెక్కడిదే. ఎనుకనుంచి ఇంకోతె పాడుతుంది. సిన్మాల జూస్తలేమా."

మాకందరికీ అది నిజమే అనిపించింది. మేము చూసిన సినిమాలన్నిట్లోనూ అంతే కదా. ఆడేది ఒకామె, పాడేది ఒకామె. పాడే ఆమె మొహం మనకు కనిపించదు, కనిపించాల్సిన పని కూడా లేదు. కాబట్టి ఈమె వెనుక కూడా ఎవరో ఉంటారు, పాపం ఆమె చూడటానికి అంత బాగుండదు కాబోలు, అందుకే దాచారు అని మా అమ్మ జాలిపడింది. మా నాన్న మాత్రం అది మిషను పాడుతుంది అన్నాడు. భాభీకి నవ్వు ఆగలేదు. ఖుద్ గాతీ హై, ఖుద్ నాచ్తీ హై అని ఆమె చేతులు తిప్పి తిప్పి చెప్పినా నాయనమ్మ ఒప్పుకోలేదు. తనే పాడి తనే ఆడేంత ఖర్మ ఏం పట్టింది, అంత పెద్ద దేశంలో ఇంకో మనిషి దొరకలేదా అన్నది.

చిన్నత్త గోడ దగ్గర నిలబడి ఉంది. కొంగులోంచి మెల్లగా, "పాడొచ్చమ్మా" అన్నది.

మర్నాడు వాకిట్లో కారం దంచుతుంటే నాయనమ్మ ఆ మాటనే పట్టుకుంది. నిన్న పాడొచ్చు అన్నావు కదా, చూపించు అన్నది. చిన్నత్త రోకలి ఎత్తి వేస్తూ పాట ఎత్తుకుంది. పెద్దపండ్లామె పాటే. మాటలు అర్థం కావు కాబట్టి మాటల జాగాలో తననా తననా అనుకుంటూ, దరువు మాత్రం అచ్చం అదే. రోకలి పడ్డచోట పాట ఊగుతుంది. కారం ఘాటుకు మేమంతా తుమ్ముతున్నాం, ఆమె తుమ్మలేదు. రోలు చుట్టూ తిరుగుతూ పాడింది, ఊపిరి తెగలేదు. నాయనమ్మ చాలాసేపు చూసింది.

"ఊపిరి సరిపాయె, ఒప్పుకుంట," అన్నది. "ఇగ కొంగు తీసి పాడు బిడ్డా. టీవీల ఆమె కొంగు పెట్టుకున్నదా?"

పాట ఆగిపోయింది. చిన్నత్త కారం జల్లెడ పట్టే పని చూసుకుంది. నాయనమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు కానీ ఆ రోజంతా తనమీద తనే చిరాకు పడుతూ తిరిగింది.

కంపెనీలో ఏడాదికొకసారి జల్సా జరిగేది. ఆ రోజు మిషన్లన్నీ ఆపి, కాంపౌండులో షామియానా వేసి, పనివాళ్ల పిల్లలకు ఆటలు, పెద్దవాళ్లకు పాటలు, అందరికీ భోజనం. ఆ ఏడు చిన్నత్త ప్యాకింగ్ హాల్లో కొత్త పాట ఒకటి కట్టింది. పెద్దపండ్లామె దరువు తీసుకుని మన మాటలు పెట్టింది. ఒకరు పాడితే మిగతావాళ్లు చివరి మాట అందుకోవాలి. బతుకమ్మ దగ్గర మనవాళ్లు చేసేదే అది. చేతులు పని చేస్తుంటాయి, మూతిగుడ్డల వెనుక హాలంతా పాడుతుంది.

గోళి గోళి గోళిలమ్మ, గొంతు దాటి పోవమ్మ,
జరమొచ్చిన ఇంటికాడ జల్దిపోయి వాలమ్మ.

జల్దిపోయి వాలమ్మ అని అందరూ అందుకునేవారట. సూపర్‌వైజరుకు కూడా నోటికి పట్టేసింది. ఆయన ద్వారా ఆ పాట సంగతి ఆఫీసుదాకా పోయింది.

ఒక సాయంత్రం, కంపెనీలో పనివాళ్ల సంగతులు చూసే పర్సనల్ సారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మంచివాడే. ఆఫీసు సారు ఇంటికి రావడం మా నాన్నకు ఎంత గొప్పో చెప్పలేను. మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు, భాభీ దగ్గర కప్పూ సాసరూ అడుక్కొచ్చారు. సారు టీ తాగి విషయం చెప్పాడు. జల్సాకు పెద్ద సార్లు వస్తున్నారు, ఈ పాట పెట్టాలి. ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయి ఉంది, డ్యాన్సు బాగా చేస్తుంది, స్టేజి మీద ఆమె ఉంటుంది.

"మీ అమ్మాయి పరదా వెనక నుంచి పాడితే చాలు. స్టేజి మీద కనపడేవాళ్లు కొంచెం నీటుగా ఉండాలి కదా," అన్నాడు. అందులో తప్పేమీ ఉన్నట్టు ఆయన మొహంలో లేదు.

చిన్నత్త వెంటనే సరే అన్నది. సంతోషంగానే అన్నది. పాడటం ఉంటుంది, ఎవరూ చూసేది ఉండదు, ఇంకేం కావాలి. మా నాన్న కూడా తల ఊపాడు. నాయనమ్మ ఒక్కతే తమలపాకు నములుతూ అడిగింది.

"ఎవరు పాడిండ్రంటే ఎవల పేరు జెప్తరు సారూ?"

సారు కొంచెం తడబడి, స్టేజి మీద ఉన్నవాళ్ల పేరే కదమ్మా చెప్పేది అన్నాడు. నాయనమ్మ లేచి బయటికి పోయి ఆకు ఉమ్మి వచ్చింది. చిన్నత్తను చూసింది. చిన్నత్త కళ్లు దించుకుంది. అప్పుడు నాకు చిన్నతనం, అయినా ఒకటి తెలిసింది. ఆమెకు పేరు వద్దని కాదు. పేరు కావాలంటే పళ్లు చూపించాలి, అది ఆమె వల్ల కాదు.

టైపు పిల్ల సంగారెడ్డి నుంచి వచ్చిపోయేది. ఈ పని తన నెత్తిన పడ్డందుకు భయపడుతూ మా ఇంటికి వచ్చింది. అడుగులు బాగా వేసేది కానీ పెదవుల కదలిక ఎప్పుడూ ఒక మాట వెనకే ఉండేది. చిన్నత్త 'జరమొచ్చిన' అనేసరికి ఆ పిల్ల నోరు ఇంకా 'గొంతు దాటి' దగ్గరే ఉండేది. నేను కింద పడి నవ్వేదాన్ని. రెండు మూడు సాయంత్రాలు అదే తంతు. మా అమ్మ పెట్టిన రొట్టే, పచ్చిపులుసూ తిని, ఆ పిల్ల ఒకరోజు చిన్నత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అక్కా, నీ మూతి కనవడకపాయె. ఏ మాటకు ఎంత తెరుస్తున్నవో నాకెట్ల తెలుస్తది? కొంగు తియ్యి."

చిన్నత్త కొంగును ఇంకొంచెం పైకి లాక్కుంది. ఆ పిల్లకు లోపలి సంగతేమీ తెలియదు. ఆమెకు పాట నేర్చుకోవాలి, జల్సా దగ్గరికొచ్చింది, అంతే. చేయి చాచి తనే కొంగు తీసేసింది.

మా వాకిట్లో అప్పుడు పడమటి ఎండ పడుతుంది. చిన్నత్త కళ్లు గట్టిగా మూసుకుని పాడింది. ఆ పిల్ల ఆమె పెదవుల మీదే కళ్లు పెట్టి, ఒక్కో మాటకూ తన నోరు అట్లానే తిప్పింది. పెదవి ఎంత లేస్తే అంత లేపింది, పళ్లు ఎంత కనపడితే అంత కనపడేట్టు చేసింది. పాట అయిపోయాక చిన్నత్త కళ్లు తెరిచి చూస్తే, ఎదురుగా తన మొహమే ఇంకొకరి మొహం మీద. ఎగతాళికి కాదు, బడిపిల్ల పలక మీద అక్షరం దిద్దినట్టు శ్రద్ధగా. చిన్నత్తకు నవ్వొచ్చింది. చేయి కొంగు కోసం వెతికింది, కొంగేమో ఆ పిల్ల మోకాలి కింద ఇరుక్కుంది. ఇక చేసేదేం లేక అట్లానే నవ్వింది. నాయనమ్మ గుమ్మంలో నుంచి చూసి, చప్పుడు చేయకుండా లోపలికి పోయింది.

అప్పటి నుంచి ఆ పిల్ల ముందు చిన్నత్త కొంగు లేకుండా పాడేది. అయితే ఆ పిల్ల ముందే. గేటు చప్పుడయితే మళ్లీ కొంగు.

జల్సా రోజు వచ్చింది. నన్ను కూడా కంపెనీ బస్సులో తీసుకుపోయారు. లోపలికి అడుగు పెట్టగానే వంటలు చేస్తున్న చోటు నుంచి బగారన్నం వాసన. ఆ ఒక్కరోజు మందుల వాసన ఓడిపోయింది. పిల్లలకు బూందీ, కారప్పూస పొట్లాలు పంచారు. స్టేజికి వెనుక ఎర్ర పరదా కట్టారు. పరదా వెనుక చిన్నత్త, ఆమె చేతిలో మైకు, వైరు మెలికలు పడకుండా పట్టుకోవడానికి నేను. ముందు వరసల్లో పెద్ద సార్లు, వెనుక మగవాళ్లు, ఒక పక్క అంతా ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు. పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. వాళ్లలో సగం మంది మొహాలు వాళ్లకే కొత్తగా ఉన్నాయట, ఎప్పుడూ గుడ్డల వెనుకనే చూసుకున్నారు కదా.

పాట మొదలైంది. టైపు పిల్ల చక్కగా ఆడుతుంది, నోరు కూడా సరిగ్గానే కదులుతుంది. పరదా సందులోంచి నేను చూస్తున్నాను. మొదటి చరణం కాగానే ఎవరూ అనుకోనిది జరిగింది. జల్దిపోయి వాలమ్మ అని ప్యాకింగ్ ఆడవాళ్లంతా అందుకున్నారు. హాల్లో రోజూ చేసేది అదే కదా, వాళ్లకు అది స్టేజి అని, ఊరికే వినాలని ఎందుకు తోస్తుంది. ఒకసారి అని ఆగలేదు, చప్పట్లు కొడుతూ మళ్లీ అన్నారు. చిన్నత్తకు వాళ్లు కనిపించడం లేదు. వాళ్లు ఆపక ముందే రెండో చరణం ఎత్తుకుంది. పాట మీద పాట పడింది. వాళ్లు ఆగారు, చిన్నత్త కూడా ఆగింది. మళ్లీ రెండు దిక్కులా ఒకేసారి మొదలుపెట్టారు. మధ్యలో టైపు పిల్ల ఎవరికి నోరు తిప్పాలో తెలియక బిక్కమొహం వేసింది. ముందు వరసలో కదలిక మొదలైంది. పక్కనుంచి పర్సనల్ సారు కానివ్వండి కానివ్వండి అని చేయి ఊపుతున్నాడు.

హాల్లో అయితే చిన్నత్త వాళ్లను చూస్తూ పాడేది. ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆగాలో కళ్లతో చెప్పేది. మూతి కనపడకపోయినా కళ్లు కనపడేవి. ఇక్కడ ఏదీ లేదు, పరదా ఒక్కటే.

"వాళ్లు అవుపడ్తలేరే," అన్నది నాతో. ఏడుపు గొంతు కాదది. పని చెడిపోతున్నప్పుడు పని చేసే మనిషికి వచ్చే విసుగు. అని, పరదా పక్కకు తోసి ఇవతలికి నడిచింది. నేను వైరు పట్టుకుని రెండడుగులు వెంటపోయి ఆగిపోయాను.

కుడిచేతిలో మైకు ఉంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను విన్నాను, ఆమె కూడా విన్నది. ఎందుకంటే ఆమె ఎడమచేయి కొంగు కోసం లేచింది. ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. అప్పటికి ఆడవాళ్లు ఇంకా అందుకుంటూనే ఉన్నారు, ఆమె వైపే చూస్తున్నారు, ఎప్పుడు ఆపమంటావని. ఆ చేయి మూతి దాకా పోలేదు. వాళ్ల వైపు చాచింది, ఆగండి అన్నట్టు. వాళ్లు ఆగారు. ఆ తరువాతి చరణం షామియానా చివరిదాకా వినపడింది.

ఎవరింటి పిల్లగాడొ, ఎవరి కన్నతల్లో,
మా చేతుల పొట్లమిప్పి మంచిగ లేవాలమ్మ.

టైపు పిల్ల మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఇక పెదవుల పని లేదు కదా, కాళ్లు విడిపించుకుని ఆడింది, చిన్నత్త చుట్టూ. చిన్నత్త కూడా ఒకచోట నిలబడలేదు. ఆడవాళ్లున్న పక్కకు పోతుంది, మగవాళ్లున్న పక్కకు వస్తుంది, ఎటు పోతే అటు వాళ్లు అందుకుంటున్నారు. పళ్లన్నీ కనపడుతున్నాయి. నవ్వినవాళ్లు మళ్లీ నవ్వారేమో నేను చూడలేదు. అంత మంది పాడుతుంటే అది ఎవరికి వినపడుతుంది.

పాట అయ్యాక మైకులో చెప్పే ఆయన కాగితం చూసి టైపు పిల్ల పేరు చదివాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి చిన్నత్త వైపు చూపించింది. ఆయన దగ్గర ఆ పేరు లేదు. నీ పేరేందమ్మా అని అడిగాడు. చిన్నత్త మైకులో తన పేరు చెప్పింది. ఊరుకోక, ప్యాకింగ్ సెక్షన్ అని కూడా చెప్పింది. దానికి పడ్డ చప్పట్లు పాటకు కూడా పడలేదు.

పర్సనల్ సారు ఏమంటాడోనని మా నాన్న భోజనాల దగ్గర దూరదూరంగా తిరిగాడు. సారు వచ్చి చిన్నత్తతో, వచ్చే ఏడు కూడా పాడాలమ్మా అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు. మా నాన్న ఇంకోసారి బగారన్నం పెట్టించుకున్నాడు.

ఇంటికి వచ్చాక నేను నాయనమ్మకు మొదటి నుంచి చివరిదాకా ఆడి చూపించాను. చిన్నత్త చేయి ఎంతవరకు లేచి ఎటు పోయిందో ఆమె మళ్లీ మళ్లీ చేయించుకుని చూసింది. చివరికి, "గట్లయితే ఆ టీవీల ఆమె గూడ సొంతంగనే పాడుతుండొచ్చు తియ్," అని ఒప్పుకుంది. భాభీ అది విని తన అర్రలో ఒక్కతే చాలాసేపు నవ్వింది.

చిన్నత్త పళ్లు సరి కాలేదు. కొంగు అలవాటు కూడా ఒక్కరోజులో పోలేదు. కొత్తవాళ్లు వస్తే చేయి లేచేది. పాడేటప్పుడు మాత్రం లేచేది కాదు. తరువాత ఆమెకు జిన్నారం దిక్కు సంబంధం కుదిరింది. ఆయన కూడా ఆ జల్సాలో వెనుక వరసలో కూర్చుని అందుకున్నవాడే. ఇప్పుడు మనవలున్నారు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడ చేరినా పాట ఎత్తుకునేది ఆమెనే.

తెల్లాపూర్ పిల్లల పంచాయితీ ఎటు తెగిందో నాకు తెలియదు. వాళ్లు చెప్పే పెద్ద పెద్ద పాటగత్తెలు దేశాలనే ఊపి ఉంటారు, కాదనను. పాడే మనిషి మొహం పాటతో పాటు జనంలోకి రావచ్చని వాళ్లు చూపించారు. అది ఏ దారుల్లో తిరిగి ఒక బిస్కెట్ డబ్బాలోకి, అక్కడినుంచి మా వాకిట్లోకి వచ్చిందో ఆలోచిస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. నేను చూసిన మార్పు చిన్నది, ఒక కంపెనీ గోడల లోపలిది.

మరుసటి ఏడు జల్సాకు పాడతామని చాలామంది ఆడవాళ్లు పేర్లిచ్చారు. ఒకామెకు మెల్లకన్ను. ఒకామె బొద్దుగా ఉండి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఊడ్చే ముసలామె కూడా ఇచ్చింది, ఆమెకు ముందు పళ్లే లేవు. ఎవరి పాట వాళ్లే, స్టేజి మీద నిలబడి పాడారు. ఎర్ర పరదాను ఎక్కడ కట్టాలో తోచక, వంటవాళ్లకు ఎండ తగలకుండా పొయ్యిల దగ్గర కట్టారు.